అరువెళ్లిన నిచ్చెన

ప్రచారానికి అది ఆఖరి రోజు. ఆ రోజుకి టైలరమ్మ వేసుకున్న పథకం చాలా సులువైనది. పొద్దున టిఫిన్లు కాగానే పట్టుమని పదిమంది ఇంటి ముందు పోగవుతారు. తను స్వయంగా కుట్టి ఇస్త్రీ చేసిన బ్యానరు పట్టుకుంటుంది. ఆయన నిచ్చెన భుజాన వేసుకుంటాడు. వీధి వీధీ తిరిగి, ప్రతి గుమ్మం ముందూ నిచ్చెన దింపి, "మా గుర్తు ఇదేనండీ, మర్చిపోకండి" అని చెప్పి, భోజనాల వేళకి ఇల్లు చేరతారు. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. టైలరమ్మా అలాగే అనుకుంది, వరండాలోకి వచ్చి గోడ వంక చూసేదాకా. గోడకు ఆనించి ఉండాల్సిన నిచ్చెన అక్కడ లేదు.

ఆ ‘ఆయన’ అంటే టైలరమ్మ భర్త. ఇళ్లలో కరెంటు పని చేస్తాడు కాబట్టి వార్డంతా ఆయన్ని కరెంటాయన అనే పిలుస్తుంది. నోట్లో నాలుక లేని మనిషి. ఎన్నికల్లో నిలబడాలన్న ఆలోచన ఆయనకి కలలో కూడా వచ్చి ఉండదు. వచ్చింది టైలరమ్మకి. వార్డు మొత్తానికి పిల్లలు ఆడుకోవడానికి, పెద్దవాళ్లు నాలుగడుగులు నడవడానికి మిగిలింది ఒకే ఒక్క మైదానం. కౌన్సిలరుగా గెలిచి దాన్ని షాపుల సముదాయం చేసేయాలని కాంట్రాక్టరొకడు బరిలోకి దిగాడు. "ఎవరో ఒకరు పోటీకి నిలబడాలి" అని టైలరమ్మ దగ్గరికి బట్టలిచ్చేందుకు వచ్చిన ప్రతివారూ అన్నారు. అన్నవాళ్లలో ఒక్కరూ నిలబడలేదు. వినీ వినీ విసుగొచ్చి, ఒకరోజు ఆమె మిషను ఆపి, "మా ఆయన నిలబడతాడు" అనేసింది. ఆ సంగతి కరెంటాయనకి సాయంత్రం ఇంటికొచ్చాక తెలిసింది.

"నేనా?" అన్నాడు కరెంటాయన.

"మీరే."

"సరే అయితే," అన్నాడు. ఎవరేమడిగినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే.

కాంట్రాక్టరుకి వ్యాన్లున్నాయి, మైకులున్నాయి, వీధి మలుపుకొక పెద్ద టీవీ తెర ఉంది. అతని గుర్తు కుర్చీ. అది జనం బుర్రలోకి ఎక్కడానికని ఇంటింటికీ ఒక ప్లాస్టిక్ కుర్చీ పంచిపెట్టాడు. కరెంటాయన మైదానంలో మీటింగు పెడితే కుర్చీలు అద్దెకు తెచ్చే స్తోమత లేకపోయింది. జనం ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని, కాంట్రాక్టరు ఇచ్చిన దాంట్లోనే దర్జాగా కూర్చుని, కరెంటాయన మాటలు విన్నారు. విన్నారు సరే, ఓటు ఎవరికేస్తారో ఎవరు చూశారు? టైలరమ్మకి అదే బెంగ. ఓడితే మైదానం పోతుంది. పైగా ఆయన్ని ఇందులోకి దింపింది తను.

"మనలాంటివాళ్లం గెలవడం అయ్యే పనేనా అమ్మాయ్? ఉన్న పరువు కాస్తా పోతుంది," అని అత్తగారు మొదటి రోజే పెదవి విరిచింది.

"చూద్దాం అత్తయ్యా," అని ఊరుకుంది టైలరమ్మ.

ఇప్పుడు ఖాళీ గోడ ముందు నిలబడి అత్తగారినే పిలిచింది. "అత్తయ్యా, నిచ్చెన ఏది?"

అత్తగారు ఒళ్లో పళ్లెం పెట్టుకుని కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. "ఎవరో అడిగారు, ఇచ్చాను."

"ఎవరో అంటే?"

"ఎవరైతేనేం? పాపం, ఎత్తు అందక అవస్థ పడుతున్నారట. కూడలిలో ఏదో కట్టుకుంటున్నారు."

"కూడలిలో కడుతున్నది కాంట్రాక్టరు కుర్చీ అత్తయ్యా."

"కుర్చీ కట్టడానికి నిచ్చెనెందుకే?"

"అది మేడంత కుర్చీ."

అత్తగారు కాసేపు ఆలోచించింది. "అయితే నిచ్చెన కావాల్సిందేలే మరి," అని మళ్లీ తరగడంలో పడింది.

ఈ విషయంలో అత్తగారితో వాదించి లాభం లేదు. ఆ ఇంటికి ఒక కట్టుబాటుంది. నిచ్చెన అడిగినవాళ్లకి లేదనకూడదు. పోయిన మామగారు పెట్టిన నియమం అది. ఆయనా కరెంటు పనివాడే. కింద నిలబడి నిచ్చెన అడుగుతున్నాడంటే వాడి పనేదో పైన చిక్కుకుపోయి ఉంటుంది, అలాంటివాణ్ణి వెనక్కి పంపకూడదు అనేవాడట. అందుకని ఆ నిచ్చెన ఇంట్లో ఉన్న రోజులకంటే ఊళ్లో తిరిగిన రోజులే ఎక్కువ. తిరిగి రావడం మర్చిపోకుండా దాని మధ్య మెట్టు మీద ఎర్ర రంగుతో ‘కరెంటాయనది’ అని రాయించారు. వార్డులో ఆ ఎర్ర అక్షరాల మెట్టు మీద కాలు పెట్టని ఇల్లు లేదు. గుర్తులు పంచేటప్పుడు జాబితాలో నిచ్చెన కనిపించగానే కరెంటాయన ఆలోచించకుండా వేలు పెట్టింది అందుకే.

ఇంతలో కరెంటాయన పనిముట్ల సంచీ సర్దుకుంటూ బయటికొచ్చాడు.

"ఏవండీ, మీ అమ్మగారు మన గుర్తుని తీసుకెళ్లి కాంట్రాక్టరు మనుషుల చేతిలో పెట్టారు."

"ఎంత ఎత్తు పనిట?" అన్నాడు కరెంటాయన.

"అదా మీరు అడగాల్సింది?"

టైలరమ్మ తమ్ముడు కూడా అప్పుడే దిగాడు. ప్రచారం మొత్తానికి వాళ్లకున్న హంగూ ఆర్భాటమూ ఈ తమ్ముడూ, అతని ఫోనూ మాత్రమే. "దానికేముందక్కా, ఇంకో నిచ్చెన పట్టుకుపోదాం," అన్నాడు.

"ఆ ఎర్ర అక్షరాలు లేకపోతే మన నిచ్చెన అని ఎవరు నమ్ముతారురా?"

"కంగారెందుకు? నేను వెళ్లి అడిగి తెస్తాగా," అని కరెంటాయన బయల్దేరాడు. ఆయన్ని ఒక్కణ్ణే పంపడం క్షేమం కాదని తెలిసి టైలరమ్మ కూడా వెంటబడింది.

కూడలిలో కుర్చీ నిజంగానే మేడంత ఉంది. వెదురు బొంగులతో కట్టి, చెక్కలు పరిచి, ఎర్ర మఖమలు తొడిగారు. సాయంత్రం కాంట్రాక్టరు దాని మీద కూర్చుని ఆఖరి ప్రసంగం చేస్తాడట. ఆ మఖమలు మీద, సరిగ్గా నట్టనడుమ, కరెంటాయన నిచ్చెన ఆనించి ఉంది. దారిన పోయేవాళ్లు ఆగి మరీ నవ్వుకుంటున్నారు. "చూశారా, కుర్చీ ఎక్కాలంటే నిచ్చెన ఉండాల్సిందే," అని ఒకాయన అన్నాడు. ఇంకో నలుగురు ఫోటోలు తీసుకున్నారు.

కరెంటాయన నిచ్చెన అడగడానికే వెళ్లాడు. అడగబోతూ తలెత్తి పైకి చూశాడు. కుర్చీ వీపుకి అలంకరణ దీపాలు కట్టారు. వైరు ఒకచోట చీలి రాగి బయటపడి ఉంది. టైలరమ్మ అది చూసి, తర్వాత భర్త మొహం చూసి, ఇక అయిపోయిందనుకుంది.

"ఏవండీ, వద్దు."

"ఒక్క నిమిషం. ఇలా వదిలేస్తే ఎవడి ప్రాణం మీదికో వస్తుంది," అంటూనే ఆయన సగం నిచ్చెన ఎక్కేశాడు. చీలిన వైరుకి టేపు చుట్టాడు. చుట్టినవాడు ఊరుకోవచ్చుగా, వంకరగా ఉన్న దీపాల దండ కూడా సరిచేశాడు.

సరిగ్గా అప్పుడే సైకిలు మీద పోతూ పెయింటరు చూశాడు. ఈ పెయింటరు కరెంటాయన పక్షాన తిరిగే పదిమందిలో ముందువరస మనిషి. కాంట్రాక్టరు కుర్చీ మీద కరెంటాయన, ఆయన చేతిలో కాంట్రాక్టరు దీపాలు, కింద ఆయన సొంత నిచ్చెన. పెయింటరు సైకిలు ఆపలేదు, మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత కబురు సైకిలుకంటే వేగంగా వెళ్లింది. కరెంటాయన కాంట్రాక్టరుకి దీపాలు కడుతున్నాడని మొదటి వీధిలో అన్నారు. రెండో వీధికి ఆయన పోటీ విరమించుకున్నాడు. మూడో వీధి చేరేసరికి కొత్త షాపుల సముదాయంలో కరెంటు పనంతా ఆయనకే రాసిచ్చేశారు.

ఈలోగా కాంట్రాక్టరు మేనేజరు కారు దిగాడు. జనం నవ్వుతూ ఫోటోలు తీయడం చూసి కంగారుపడ్డాడు. ఫోను తీసి యజమానితో మాట్లాడాడు. అవతలి నుంచి వచ్చిన ఆజ్ఞ చుట్టుపక్కల వాళ్లందరికీ వినబడింది. సాయంత్రం మీటింగు అయ్యేదాకా వార్డులో నిచ్చెన అన్నది కంటికి కనపడకూడదు.

కరెంటాయన కిందికి దిగాడు. "బాబూ, వైరు సరిచేశాను. కానీ వెనక కట్లు ఇంకా పూర్తవ్వలేదు. పైన రెండు చోట్ల తాళ్లు బిగించాలి. ఇంకో పది నిమిషాలు నిచ్చెన ఇక్కడే ఉండనివ్వండి. తర్వాత నేను పట్టుకుపోతా."

"మా కుర్చీ గురించి నీకెందుకయ్యా అంత ప్రేమ? కూలిపోతుందని పుకారు పుట్టించడానికొచ్చావా?" అన్నాడు మేనేజరు.

"కూలుతుందనలేదండీ. ఒరుగుతుందంటున్నాను."

మేనేజరు ఆ మాట చెవిన వేసుకోలేదు. చెయ్యి ఊపితే లారీ వచ్చింది. అందులోకి ఎక్కిన మొదటి నిచ్చెన కరెంటాయనదే.

"అది మాది," అంది టైలరమ్మ.

"అద్దెకు తీసుకుంటున్నాంలే అమ్మా. సాయంత్రం ఇచ్చేస్తాం."

"అద్దెకివ్వం. ఊరికే ఇస్తాం," అన్నాడు కరెంటాయన నొచ్చుకుని. టైలరమ్మ నెత్తి కొట్టుకుంది. లారీ కదిలిపోయింది.

ఇంటికొచ్చేసరికి ఇంటి ముందు పదిమంది కాదు కదా, పిట్ట కూడా లేదు. ఎండ ముదిరింది. ఎవరూ రాలేదు. టైలరమ్మ బ్యానరు చంకన పెట్టుకుని, అసలేం జరిగిందో కనుక్కుందామని వీధిలోకి వెళ్లింది. కాంట్రాక్టరు లారీ ఇంటింటి ముందూ ఆగుతోంది. ఇళ్లు కట్టే మేస్త్రీ తన నిచ్చెన ఎత్తి ఇస్తున్నాడు. గ్రంథాలయం ఆవిడ పుస్తకాల అరలకి వాడే చిన్న నిచ్చెన మోసుకొచ్చి ఇస్తోంది. పెయింటరైతే తన నిచ్చెనలు రెండూ ఇచ్చేశాడు.

"నువ్వూనా అన్నయ్యా?" అంది టైలరమ్మ.

పెయింటరు ఎటో చూస్తూ అన్నాడు. "ముందు ఇచ్చింది మీరే కదమ్మా. మీరూ మీరూ కలిసిపోయాక మధ్యలో మాకెందుకు పంతం?"

"ఎవరు కలిసిపోయారు?"

"నా కళ్లతో నేను చూశాను. దీపాలు కడుతున్నాడు."

టైలరమ్మ జరిగింది చెబుదామనుకుంది. వైరు చీలింది, ఆయన చూస్తూ ఊరుకోలేడు. నిజమే, కానీ చెబితే ఎవరు నమ్ముతారు? ఆమెకే నమ్మబుద్ధి కానంత మంచి మనిషి ఆయన. ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడింది. నెలరోజులు కాలికి బలపం కట్టుకుని తిరిగింది ఇందుకా అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మైదానం పోయింది, పరువూ పోయింది. ఇక ఆయన మంచితనం సంగతి, అది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే అనుకుంది.

అత్తగారు గుమ్మంలోంచి చూసింది. లోపలికి వెళ్లి చెప్పులేసుకుని వచ్చింది.

"లే అమ్మాయ్."

"ఎక్కడికి అత్తయ్యా?"

"ఇచ్చింది నేను. వెళ్లి అడిగి తెచ్చేదీ నేనే. గెలుపూ ఓటమీ నాకు తెలీదు. నీ కంట నీళ్లు నేను చూడలేను. ఆ గుడ్డ కూడా తీసుకో, అంత కష్టపడి కుట్టావు, ఒక్కసారైనా విప్పాలిగా."

అత్తగారి నోట ఇంత తీపి మాట టైలరమ్మ కాపురానికొచ్చాక వినలేదు. కళ్లు తుడుచుకుని లేచింది. కరెంటాయన, తమ్ముడు కూడా వెంట నడిచారు.

వాళ్లు కూడలి చేరేసరికి సాయంత్రం మీటింగు మొదలవబోతోంది. జనం కిక్కిరిసి ఉన్నారు. కాంట్రాక్టరుని, మేనేజరుని కాంట్రాక్టరు సొంత క్రేను ఎత్తి మేడంత కుర్చీలో దింపింది. అతని చొక్కాకి మైకు తగిలించారు. కెమెరాలు తిరుగుతున్నాయి. వీధి మలుపుల్లో ఉన్న తెరలన్నింటి మీదా అతని మొహమే. కెమెరావాళ్లకి పొద్దున్నే చెప్పి ఉంచారు, ఏం జరిగినా సరే మీటింగు అయ్యేదాకా ప్రసారం ఆపకూడదని.

"ఆ క్రేను కెమెరాలో పడుతోంది, పంపించెయ్," అన్నాడు కాంట్రాక్టరు. క్రేను వెనక్కి వెళ్లింది. వెళ్లి వెళ్లి వీధి చివర కాంట్రాక్టరు బొమ్మతో కట్టిన స్వాగత తోరణంలో ఇరుక్కుంది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు.

కాంట్రాక్టరు ప్రసంగం అందుకున్నాడు. "ఇంత ఎత్తులో కూర్చుని చూస్తుంటే నా వార్డు ప్రజలంతా నాకు..." అంటూ కాస్త వెనక్కి వాలాడు. కుర్చీ కూడా అతనితో పాటే వెనక్కి వాలింది. వాలి, కిర్రుమని ఆగింది.

ఆ తర్వాతి సంభాషణ మైకులోంచి వార్డంతా విన్నది.

"ఇది కదులుతోందేంటి?"

"గాలికి సార్."

"గాలెక్కడుంది? క్రేను పిలువు."

"క్రేను తోరణంలో ఇరుక్కుంది సార్."

"ఏ తోరణంలో?"

"మీ బొమ్మ ఉన్నదాంట్లోనే సార్."

"అయితే నిచ్చెన తెప్పించు, నిలబడి చూస్తావేం?"

"నిచ్చెనలన్నీ మన గోడౌన్లో పెట్టి తాళం వేశాం సార్. మీరే చెప్పారు."

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

మేనేజరు జేబు తడుముకున్నాడు. "నా జేబులో సార్."

జనం ఒక్కసారి గొల్లుమన్నారు. కరెంటాయన మాత్రం నవ్వలేదు. అప్పటికే కుర్చీ వెనక్కి పరిగెత్తాడు. వేలాడుతున్న తాడు అందుకుని, "ఒక పదిమంది ఇటు రండి. తాడు పట్టుకుని బిగబట్టండి. మీ వైపు లాగొద్దు, పట్టి ఉంచండి చాలు," అని కేకేశాడు. ముందు పరిగెత్తుకొచ్చినవాడు పెయింటరు. తాడు పట్టుకుని, కరెంటాయన మొహం చూసి, తల దించుకున్నాడు. పొద్దున నుంచి రాని ఆ పదిమందీ ఒకరి వెనక ఒకరు వచ్చి తాడు పట్టారు.

అత్తగారు కుర్చీ ముందు నిలబడి, తల వీలైనంత వెనక్కి వంచి, మర్యాదగా అడిగింది. "బాబూ, పొద్దున మా నిచ్చెన తీసుకెళ్లారు. పనైపోతే ఇస్తారా?"

"అమ్మా, తాళంచెవి విసురుతాను, పట్టుకోండి," అన్నాడు మేనేజరు.

కింద జనం, పక్కన మురుగు కాలువ. గురి తప్పితే తాళంచెవి కాలువ పాలు. టైలరమ్మ చంకలోని బ్యానరు విప్పింది. ఒక అంచు తను పట్టుకుంది, రెండో అంచు అత్తగారు పట్టుకుంది. నీలం గుడ్డ మీద తెల్లటి నిచ్చెన బొమ్మ. తాళంచెవి వచ్చి సరిగ్గా ఆ నిచ్చెన మీద పడింది.

గోడౌను పక్క వీధిలోనే ఉంది. తాళంలో చెవి పెట్టాక టైలరమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇంకాస్త ఆలస్యం చేస్తేనో? ఆ పెద్దమనిషి ఇంకొంచెంసేపు అక్కడే వేలాడితేనో? పొద్దున నుంచి ఈయన మనల్ని ఏడిపించింది తక్కువా?

"ఏం ఆలోచిస్తున్నావే?" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా."

"నాకూ అదే అనిపించింది," అంది అత్తగారు. "కానీ అడిగాడుగా. తియ్యి."

తలుపు తెరుచుకుంది. లోపల వార్డులోని నిచ్చెనలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కరెంటాయన నిచ్చెన అన్నింటికంటే అడుగున ఉంది, ముందు ఎక్కించింది దాన్నే కాబట్టి. అది రావాలంటే మిగిలినవన్నీ బయటికి రావాలి. వెంట వచ్చిన జనంలో ఎవరి నిచ్చెన వాళ్లు గుర్తుపట్టి భుజాన వేసుకున్నారు. మేస్త్రీ తనది, గ్రంథాలయం ఆవిడ తనది, పెయింటరు పెళ్లాం రెండూ. చివరికి ఎర్ర అక్షరాలున్నది దొరికింది. టైలరమ్మ దాని ఒక కొన పట్టుకుంది, తమ్ముడు రెండో కొన పట్టుకున్నాడు. బ్యానరు అత్తగారి చేతిలోకి వెళ్లింది. ఏ నిచ్చెన అందుతుందో, ఏది పొడవు సరిపోతుందో తెలీదు కాబట్టి అందరూ కూడలికి బయల్దేరారు.

సగం వీధి నడిచాక టైలరమ్మ యథాలాపంగా వెనక్కి తిరిగి చూసింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా నిచ్చెనలే. ముందు అత్తగారు, చేతిలో బ్యానరు. పొద్దున పట్టుమని పదిమందితో తీద్దామనుకున్న ఊరేగింపు ఇది. మలుపు దగ్గర కాంట్రాక్టరు పెట్టించిన పెద్ద తెర మీద కూడా అదే కనిపిస్తోంది, కాంట్రాక్టరు కెమెరా ఏదో పైనుంచి తీస్తున్నట్టుంది, బారులు తీరిన నిచ్చెనలు. కిటికీల్లోంచి జనం తొంగి చూసి చేతులూపారు. టైలరమ్మకి నవ్వాగలేదు. ఇంత సంతోషం పట్టలేక నిచ్చెన కొన జారవిడిచినంత పని చేసింది.

"అక్కా, సరిగ్గా పట్టుకో," అన్నాడు తమ్ముడు.

ఇన్ని నిచ్చెనలు వచ్చినా కుర్చీ దాకా అందింది ఒక్క కరెంటాయనదే. ఆయన దాన్ని ఆనించి, నాలుగుసార్లు కదిపి చూసుకుని, పైకెక్కాడు. మేనేజరు అడక్కుండానే ముందు దిగిపోయాడు. కాంట్రాక్టరు మాత్రం కుర్చీ చెయ్యి వాటేసుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అతనికి ఎత్తంటే భయం. ఆ సంగతి అంతదాకా అతని భార్యకి తప్ప ఎవరికీ తెలీదు.

"కిందికి చూడకండి. నా మొహం చూడండి. కుడికాలు ఇలా పెట్టండి," అన్నాడు కరెంటాయన.

"ఎక్కడ పెట్టాలయ్యా?"

"నా చెయ్యి ఉన్నచోట. ఆఁ, అదే మెట్టు."

కింద ఫోన్లన్నీ పైకి లేచాయి. తమ్ముడు ఫోను అందరికంటే ఎత్తులో ఉంది. నెలరోజులుగా ఎదురుచూసిన ఫోటో అది. కాంట్రాక్టరంతటివాడు వణుకుతూ కరెంటాయన నిచ్చెన దిగుతున్నాడు. ఇంతకు మించిన ప్రచారం డబ్బు పోసినా దొరకదు.

కరెంటాయన కిందికి చూసి, గొంతు పెంచకుండానే అన్నాడు. "ఫోన్లు దించండి. భయపడుతున్న మనిషిని ఫోటో తీస్తారా? మనింట్లో వాళ్లయితే తీస్తామా?"

ఒక్కొక్క ఫోనే కిందికి దిగింది. తమ్ముడు అక్క వంక చూశాడు. తీయమంటుందేమోనని అతని ఆశ. టైలరమ్మకి ప్రాణం ఉసూరుమంది. అయినా తల అడ్డంగా ఊపింది. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

కానీ కాంట్రాక్టరు కెమెరావాళ్లకి కరెంటాయన మాట ఎలా వినబడుతుంది? వాళ్లు చెవులకి పెద్ద పెద్ద యంత్రాలు తగిలించుకుని ఉన్నారు. ఏం జరిగినా ఆపొద్దన్నారు, ఆపలేదు. కాంట్రాక్టరు చొక్కాకి మైకు అలాగే ఉంది. దిగుతున్నంతసేపూ వార్డులోని తెరలన్నీ చూపించాయి, వినిపించాయి.

"వదిలెయ్యకు నాయనా."

"వదలనండి. ఎడమకాలు."

"పొద్దున నువ్వు చెప్పావటగా, తాళ్లు బిగించలేదని."

"చెప్పానండి. ఇంకో మెట్టు."

"మావాడు వినలేదు. నేనూ విననిచ్చేవాణ్ణి కాదులే. మరి మళ్లీ ఎందుకొచ్చావు? నాకూ నీకూ పోటీ కదయ్యా."

"నిచ్చెన అడిగారు కదండీ," అన్నాడు కరెంటాయన.

కాంట్రాక్టరు ఎర్ర అక్షరాల మెట్టు మీద కాలు పెట్టి, నేలకి దిగి, అత్తగారిచ్చిన మంచినీళ్లు గడగడా తాగాడు. పెయింటరు టైలరమ్మ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పొద్దున ఆయన పైకెక్కింది ఇలాంటి పనికేనా అమ్మా?"

"వైరు చీలిపోయిందన్నయ్యా."

"అడక్కుండా నోటికొచ్చింది అనేశాను."

"నేనైనా అలాగే అనుకుందును. ఆయన పెళ్లాన్ని కాబట్టి తెలిసింది," అంది టైలరమ్మ.

ఓట్ల లెక్కింపు రోజున పెద్ద ఉత్కంఠ ఏమీ లేకపోయింది. కరెంటాయన బ్రహ్మాండంగా గెలిచాడు. కాంట్రాక్టరు కట్టించిన తెరలు, మైకులు, కెమెరాలు చేసిన ప్రచారం ముందు మరొకరి ప్రచారం ఏం నిలుస్తుంది? ఆ సాయంత్రం మైదానంలో జనమంతా ఎవరి ప్లాస్టిక్ కుర్చీ వాళ్లు తెచ్చుకుని కూర్చున్నారు. పిల్లలు మాత్రం కూర్చోలేదు, చీకటి పడేదాకా ఆడుతూనే ఉన్నారు. మాట్లాడమంటే కరెంటాయన లేచి, "మూలన ఉన్న దీపం వెలగడం లేదు, రేపు చూస్తాను," అని కూర్చున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. టైలరమ్మ అందరికంటే ఎక్కువసేపు కొట్టింది.

"మావాడు గెలుస్తాడని నేను మొదటి రోజే అన్నాను," అంది అత్తగారు పక్కావిడతో. టైలరమ్మ విని కూడా విననట్టు ఊరుకుంది.

మర్నాడు పొద్దున పెయింటరు కొత్త బోర్డొకటి తెచ్చాడు. నీలం మీద తెల్లగా ‘వార్డు కౌన్సిలరు’ అని రాసి ఉంది. ఊరికే రాశాడు, కానుకట. గుమ్మం పైన తగిలిద్దామని కరెంటాయన సుత్తీ మేకులూ పట్టుకుని బయటికొచ్చి, వరండా గోడ వంక చూశాడు.

"అమ్మా, నిచ్చెన ఏది?"

"ఇప్పుడే మేనేజరొచ్చాడురా. ఆ కుర్చీ విప్పుకోవాలట. పాపం, అందడం లేదట," అంది అత్తగారు తల ఎత్తకుండా.

టైలరమ్మ భర్త వంక చూసింది. భర్త టైలరమ్మ వంక చూశాడు. ఆమె బోర్డు తీసుకెళ్లి, నిచ్చెన ఉండాల్సిన చోట గోడకు ఆనించింది.

కౌన్సిలరుగారి బోర్డు ఇప్పటికీ అక్కడే ఉంది. నిచ్చెన ఇంటికి రాగానే తగిలిస్తారట.